బట్టీ తలుపు తియ్యకు

"ఇద్దర్నీ ఒకే చోటికి పంపుతున్నారా? జరగరానిది జరిగితే నాకెవరు మిగుల్తార్రా?"

ఫోనులో అమ్మ భయం అది. కొడుకు నోరు తెరిచేలోపే ఇంకోటి పుట్టుకొచ్చింది.

"అక్కని కనిపెట్టుకుని ఉండు. ఈమధ్య దాని గొంతులో జీవం లేదు."

"అక్కే నన్ను కనిపెట్టుకుని ఉంటుందిలే అమ్మా. ఫ్యాక్టరీ తనిఖీయేగా!"

తనిఖీ అన్నది ఆ తల్లికి చెప్పిన మాట. సీక్రెట్ సర్వీసులో అతని కోడ్ నేమ్ పిచ్చుక. అతనికన్నా ముందే సర్వీసులో చేరిన అక్క పెట్టిన పేరది.

ఆ ఫోనుకి గంట ముందే చీఫ్ అతన్ని పిలిచి, బల్ల మీద బూడిదరంగు గొట్టం ఒకటి పెట్టాడు.

"రాతిపీచు ఫిల్టర్. రాయిని కరిగించి దారాలు తీస్తారు. బట్టీలో సరిగ్గా వేడిచేస్తే తేమా జిగురూ పోయి సందులు తెరుచుకుంటాయి. విషపు ధూళి ఎంత సన్నదైనా అందులో చిక్కాల్సిందే."

"వేడి ఎక్కువైతే?"

"పెళుసవుతుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది, వాడాక పగుల్తుంది. ఈ ఫిల్టర్లు రేపు ఊరి పక్కన రసాయన ఫ్యాక్టరీ పొగగొట్టానికి బిగిస్తారు. పగిలాయంటే విషం ఇళ్ళ మీదికే. ఆ వెంటనే విదేశీ ముఠా తన ఫిల్టర్లతో దిగుతుంది. ఫిల్టర్లు తయారయ్యే ఫ్యాక్టరీలో వాళ్ళ ఏజెంట్ ఉన్నాడు. పట్టుకో."

"నాకు తోడెవరు సార్?"

"మీ అక్క. కొనుగోలుదారు వేషంలో ఆల్రెడీ లోపలుంది."

పిచ్చుక మీసం అతికించుకుని బట్టీ హెల్పర్‌గా చేరాడు. షెడ్డులో వేడిగాలి మొహాన కొట్టింది. నల్ల కళ్ళద్దాలు, పట్టు స్కార్ఫ్, ఎత్తు చెప్పులతో అక్క నడిచొస్తుంటే పనివాళ్ళు కాలర్లు సర్దుకుంటున్నారు.

"ఇక్కడ మంచినీళ్ళు దొరుకుతాయా?" అంది, అపరిచితురాలిలా.

"దొరుకుతాయి మేడమ్. గోరువెచ్చగా."

కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "మీసం వంకరగా ఉందిరా, వెధవా."

"నీ చెప్పుల మోతకి ముఠా పారిపోయేట్టుంది."

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. "నువ్వు వెళ్ళిపో. ఈ కేసు నేను చూసుకుంటాను. చీఫ్‌కి నేను చెప్తాలే."

"మళ్ళీ పెత్తనమా? నేనేం పసివాణ్ణి కాదు."

చిన్నప్పటినుంచీ ఉన్న పెత్తనమే అనుకున్నాడు. అలా అనుకోకపోయుంటే బాగుండేది.

బట్టీ వెలిగింది. వేడి చూపే గోడ మీటర్ ముల్లు ఉండాల్సిన చోటే నిలబడింది. మేస్త్రీ నిశ్చింతగా అవతలి బట్టీ వైపు వెళ్ళాడు. పిచ్చుక జేబులోంచి పెన్ను తీశాడు. అది దూరం నుంచే వేడిని కొలిచే గాడ్జెట్. బట్టీకున్న చూపురంధ్రం వైపు గురిపెట్టాడు.

పెన్ను మీద అంకె చూసి, పెన్ను దులిపి మళ్ళీ కొలిచాడు. మీటర్ చూపేదానికన్నా నూట ముప్పై డిగ్రీలు ఎక్కువ! బట్టీలో వేడిని పసిగట్టే మీటర్ తీగని ఎవరో మంటకి దూరంగా లాగేశారు. ఇంకాసేపైతే పీచు మాడిపోతుంది.

ఎవరినీ పిలిచే వ్యవధి లేదు. పొంగే గిన్నె మీద మూత తీసినట్టు తలుపు తీస్తే చాలనుకున్నాడు. కొత్తగా చేరినవాడు, పాపం! ఎర్రగా కాలిన పీచుకి చల్లగాలి తగిలితే పగిలిపోతుందని అతనికి తెలీదు. లోపలి మంట బయటికి దూకుతుందనీ తెలీదు. తలుపు పిడి పట్టుకుని బలంగా లాగబోయాడు.

"తలుపు తియ్యకు!"

పై మెట్ల మీంచి కేక. షెడ్డంతా ఉలిక్కిపడింది.

"లోపల మంట హెచ్చిపోయింది! గ్యాస్ కట్టెయ్! తలుపు మూసే ఉంచు, చల్లారనీ!"

అతను పిడి వదిలి గ్యాస్ చక్రం తిప్పేశాడు. మంట హోరు తగ్గి, ఆరిపోయింది. ఇంకొక్క క్షణం గడిస్తే సరుకు దక్కేది కాదు.

అప్పుడు తలెత్తి చూశాడు. మెట్ల మీద అక్క. ఆమె నిలబడ్డ చోటినుంచి కనిపించేది గోడ మీటర్ ఒక్కటే. దాని ముల్లు ఇప్పటిదాకా చక్కగానే ఉంది. తను ఎవరికీ ఏమీ చెప్పలేదు. మంట హెచ్చిందని అక్కకెలా తెలిసింది?

తీగ లాగినవాళ్ళకి తప్ప ఇంకెవరికీ తెలియదు.

అతని మొహం చూసి ఆమెకి అర్థమైంది. పారిపోలేదు. చెప్పులు విప్పి పక్కన పెట్టుకుని, మెట్టు మీద కూర్చుండిపోయింది.

బట్టీ చల్లారాక పీచు వంచి చూశారు. స్ప్రింగులా లేచి నిలబడింది. గేటు బయట కాపు కాస్తున్న ముఠావాళ్ళని చీఫ్ మనుషులు వాళ్ళ వ్యానులోనే పట్టుకున్నారు. ఆపరేషన్ సక్సెస్ అని చీఫ్ వైర్‌లెస్‌లో చెప్పాడు. పిచ్చుకకి ఏడుపొచ్చింది.

విచారణ గదిలో చీఫ్ అడిగాడు.

"డబ్బా? బెదిరింపా? ప్రేమా?"

ఆమె స్కార్ఫ్ మడతపెట్టుకుంటూ కూర్చుంది. చీఫ్ విసుగెత్తి బయటికి వెళ్ళాడు. గదిలో అక్కా తమ్ముడూ మిగిలారు.

"ఎందుకు చేశావని అడగను," అన్నాడు తమ్ముడు. అతని మీసం సగం ఊడి వేలాడుతోంది. "ఊరుకుంటే నువ్వే గెలిచేదానివి. నేను తలుపు తీసినా సరుకు పోయేది, తియ్యకపోయినా పోయేది. ఎవరికీ అనుమానం కూడా వచ్చేది కాదు. మరెందుకు అరిచావక్కా?"

ఆమె ముందున్న టీ మీద మీగడ కట్టింది. కిటికీలోంచి పడ్డ ఎండ బల్ల దాటి, గోడ ఎక్కి, మాయమైంది. అతను లేవలేదు.

చివరికి ఆమె చెయ్యి చాచి, వేలాడుతున్న మీసాన్ని నెమ్మదిగా పీకి బల్ల మీద పెట్టింది.

"పిడి మీదున్నది నీ చెయ్యి కదరా," అంది. "మీ చీఫ్ చెయ్యైతే కిమ్మనేదాన్నే కాదు."