ఫెర్మీన్ తాత అడుగు

రేకుల కప్పు మీద వాన మొదలవగానే తెర మీది తాత పరుగందుకున్నాడు.

అంతవరకూ పద్ధతిగానే ఆడుతున్నాడు పాపం. తెల్ల టోపీ, వదులు ప్యాంటు, ఒక చెయ్యి గాల్లో, ఇంకో చెయ్యి భార్య నడుం మీద. నేను వేసిన పాట, జంటలు ఆడే కుంబియా, నిదానంగా సాగుతోంది. ఇంతలో వాన దబదబా దంచింది. తాత కాళ్లు టకటకలాడాయి. వాన పెరిగిన కొద్దీ తాత జోరు పెరిగింది. చివరికి నిప్పుల మీద నడుస్తున్నవాడిలా ఎగిరెగిరి పడ్డాడు. పాట మాత్రం తన మానాన తాను నత్తనడక నడుస్తూనే ఉంది.

నాకు నవ్వాగలేదు. మైకు ఆన్‌లో ఉన్న సంగతి మరిచిపోయి పకపకా నవ్వాను. ఆ నవ్వు మార్కెట్ హాలంతా మోగింది. దానికి కూడా తాత రెండు గెంతులు వేశాడు.

తెర పక్కన బల్ల ముందు కూర్చున్న అమ్మాయి లేచి నిలబడింది. పేరు దాలియా అని ఆ పూటే మా రెమె పిన్ని పరిచయం చేసింది. ఎండిపోయిన నదికి అవతల ఉంటుంది, కాలేజీలో వీడియో పని చదువుకుంది. మా కొండ మీద ఉండే లాలా అమ్మమ్మకు మనవరాలు. ఆదివారం అమ్మమ్మ పుట్టినరోజని, ఆ సాయంత్రం ఈ హాల్లో జరిగే మా డాన్సులో పాటలకు తగ్గట్టు తెర మీద వీడియో నడుపుతానని వచ్చింది. డాన్సు పిన్నిది, స్పీకర్లు పిన్నివి, రికార్డులు వేసే చెయ్యి నాది.

"నవ్వడం అయిపోయిందా?" అంది దాలియా.

"తాతగారు ఆగితే నేనూ ఆగుతానండి."

"నా కంప్యూటర్ మైకుతో దరువు విని, దాన్నిబట్టి వీడియో స్పీడు మారుస్తుంది. మీ రేకుల చప్పుడు దానికి దరువనిపిస్తోంది."

"మా రేకులకి తాళజ్ఞానం ఎక్కువ. కొండంతా అదే మాట."

"మీకుందా అని నా డౌటు. ఈ పాట అసలు స్పీడు నా దగ్గరుంది. దానికి సరిగ్గా వీడియో చేసుకొచ్చాను. మీరేమో పాటని పిండిముద్దలా సాగదీస్తున్నారు. ఆదివారం ఏ స్పీడులో వేస్తారో ఒక నంబరు చెప్పండి. దానికే బిగించుకుంటాను."

"నంబరు లేదండి."

"లేకపోవడమేంటి?"

"వచ్చినవాళ్లని బట్టి ఉంటుంది. కుర్రాళ్లు ఎక్కువైతే కొంచెం పైకి. పెద్దవాళ్లు లేస్తే కిందికి. కొత్త జంట కనిపిస్తే ఇంకాస్త కిందికి, వాళ్లకి పాట తొందరగా అయిపోకూడదు కదా. రికార్డు అంచుని బొటనవేలితో ఆపుతూ చూసుకోవడమే."

"బొటనవేలితో," అంది దాలియా, ఆ మాట పంటి కింద రాయిలా తగిలినట్టు. "అన్నేళ్లు చదివాను. ఒక్క లెక్చరరూ వేలి గురించి చెప్పలేదు."

మా కొండ మీద పాటని దాని వేగంలో ఎవరూ వెయ్యరు. రికార్డులు కొలంబియా నుంచి వచ్చినవే. గొంతులు బరువెక్కి, అకార్డియన్‌కి మత్తెక్కేదాకా వేగం తగ్గించి వేస్తాం. పూర్వం ఎవరిదో రికార్డు మెషీన్ వేడెక్కి పాట సాగిపోయిందనీ, జనం అదే మళ్లీ వెయ్యమని గొడవ చేశారనీ చెబుతారు. నిజమెంతో తెలియదు. మాకు మాత్రం ఇంకో వేగంలో వేస్తే అది పాటలాగే ఉండదు.

వాన తగ్గే సూచన లేదు. పిన్ని మొక్కజొన్న గింజల కప్పులు రెండు తెచ్చింది, నిమ్మరసం పిండి, కారం చల్లి. "ఇద్దరూ తినండి. తింటున్నంతసేపూ నోళ్లు మూసుకుని ఉంటారు," అని వెళ్లిపోయింది.

పిన్ని లెక్క తప్పింది. దాలియా కప్పు ముట్టుకోకుండా తెర వైపే చూస్తూ మొదలుపెట్టింది.

"ఆయన మా తాత. ఫెర్మీన్ తాత. పక్కన అమ్మమ్మ. ఎప్పుడో మామయ్య తీశాడు. తాతది ఈ ఒక్క వీడియోనే మిగిలింది. సౌండు పోయింది. తాత పోయాక అమ్మమ్మ డాన్సు మొహం చూడలేదు. వీధిలో పాట వినిపిస్తే కిటికీ వేసేస్తుంది."

"నాకు తెలుసు. మాకు ఎదురిల్లే."

"పోయినవారం ఈ వీడియోని పాటతో కలిపి చూపించాను. మురిసిపోతుందనుకున్నా. చూసి, 'ఎవరితను? మా ఆయన ఇలా నడవడు' అంది. లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది." దాలియా కప్పుని పక్కకి జరిపింది. "ఆదివారం కూడా అలాగే అంటే, తనకి మిగిలిన తాతని కూడా నేను పాడుచేసినట్టే."

నా నవ్వంతా ఎటు పోయిందో తెలియదు. గింజలు నములుతూ తెర వంక చూశాను. వాన చినుకులకి తాత ఇంకా గిలగిలా కొట్టుకుంటున్నాడు.

"వీడియో స్పీడు పెంచావా?" అన్నాను. 'అండీ' ఎక్కడో జారిపోయింది.

"పెంచక? పాటకి కలవాలి కదా. తాత ప్రతి అడుగూ పాటకన్నా వెనకబడుతున్నాడు."

"ఏ పాటో ఎలా తెలుసు?"

"అమ్మమ్మే చెప్పింది. జాలరి పాటట."

"ఆ పెంచిందంతా తీసెయ్. మైకు కూడా తీసెయ్. మామయ్య ఎలా తీశాడో అలా వదులు."

రికార్డుల పెట్టెలోంచి జాలరి పాట తీశాను. అంచు తుడిచి, మెషీన్ పళ్లెం మీద పెట్టి, వేగం మీటని పిన్ని నాకు నేర్పిన చోటుదాకా దించాను. అకార్డియన్ ఆవలించి నిద్రలేచినట్టు లేచింది. డప్పు పడింది. తాత కుడికాలు మోపాడు. మళ్లీ డప్పు, మళ్లీ తాత. నడుం తిప్పి, టోపీ సర్దుకుని, భార్యని ఒక చుట్టు తిప్పాడు. ఆ చుట్టు ముగిసేసరికి పాటలో వరస కూడా ముగిసింది.

దాలియా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"తాత వెనకబడలేదు," అన్నాను. "నీ పాటే ముందుకి ఉరికింది. ఆయన ఆడింది ఈ కొండ మీది పాటకి."

ఆమె నా వైపు తిరిగింది. ఆ కళ్లలో నీళ్లున్నాయి, నవ్వుంది, ఆ రెండూ కలిసి నా మీద పడ్డాయి. మాట తడుముకోకుండా అంది: "నీ బొటనవేలు నాకు కావాలి."

మొక్కజొన్న గింజ ఒకటి నాకు పొలమారింది.

"అంటే వైరు," అంది తొందరగా, చెవులు ఎర్రబడుతుంటే. "నీ మెషీన్ నుంచి నా కంప్యూటర్‌కి. నీ వేలు ఎంత తగ్గిస్తే తాత అంత తగ్గుతాడు. వానతో పనిలేదు."

"వైరే కదా," అన్నాను, దగ్గుతూ.

మర్నాడు వైరు కలిపాం. అద్భుతంగా కలిసింది. నేను మీట దించితే తాత నిదానించేవాడు, ఎత్తితే హుషారయ్యేవాడు. అయితే ఒక చిక్కు వచ్చింది. ఉన్నట్టుండి తాతకి నీరసం ముంచుకొచ్చేది. చక్కగా ఆడుతూ ఆడుతూ జ్వరం వచ్చినవాడిలా అడుగులు ఈడ్చి, కాసేపటికి మళ్లీ తేరుకునేవాడు.

"మీట ముట్టుకున్నావా?" అనేది దాలియా.

"ముట్టుకోలేదు. ప్రమాణం."

"అయితే నీ మెషీన్ ముసలిదైపోయింది."

మెషీన్‌ని అంటే నన్నన్నట్టే. మధ్యాహ్నమంతా కూర్చుని బెల్టు మార్చాను, నూనె వేశాను, పళ్లెం కింద దుమ్ము దులిపాను. శనివారం మళ్లీ పాట వేశాం. దాలియా జుట్టు ముడి వేసుకుంటూ మెషీన్ ముందు నుంచి వెళ్లింది. తాత సోలిపోయాడు.

ఆమె ఆగి, కంప్యూటర్ వంక చూసి, నా వంక చూసి, వెనక్కి నాలుగడుగులు వేసింది. తాత కోలుకున్నాడు. ముందుకొచ్చింది. తాత సోలిపోయాడు.

"పిన్నీ," అని పిలిచింది. "ఒకసారి ఇటు నడిచి వెళ్లరా?"

పిన్ని చీపురుతో సహా నా ముందు నుంచి నడిచి వెళ్లింది. తాత ఉక్కుముక్కలా ఆడుతున్నాడు.

"బెల్టు బాగానే ఉంది," అంది దాలియా, పెదవి బిగపట్టి. "నీ వేలు ఎక్కడుందో చూసుకో ఒమేరో."

చూసుకున్నాను. నా బొటనవేలు నన్నడక్కుండా వెళ్లి రికార్డు అంచు మీద పడుకుని ఉంది. ఎప్పుడు వెళ్లిందో, ఎన్నిసార్లు వెళ్లిందో దేవుడికే తెలియాలి.

"కొత్త జంట కనిపిస్తే ఇంకాస్త కిందికి అన్నావు," అంది. "పాట తొందరగా అయిపోకూడదని."

"అది... అలవాటు."

"ఎవరి అలవాటు? నీదా, వేలిదా?"

"ఒరే ఒమేరో," అంది పిన్ని చీపురు మీద ఆనుకుని, "మీ బాబాయి నన్ను చూసి స్పీకరు మీద కాఫీ ఒలకబోశాడు. నువ్వు నయం, స్పీకరు బాగుంది. నోరు తెరిచి చెప్పెయ్."

నోరు తెరిచాను. మైకు పట్టుకుంటే కొండంతా వినేలా మాట్లాడే నోరది. ఆ పూట గాలి తప్ప ఏమీ రాలేదు.

దాలియా నా అవస్థ తీరిగ్గా చూసింది. చూసి మెత్తబడింది. "రేపు జాలరి పాట అయ్యేదాకా నా వైపు చూడకు," అంది. "తాత ఒక్క అడుగు తప్పినా అమ్మమ్మ మళ్లీ ఇంటికెళ్లిపోతుంది. ఈ ఒక్కటీ నాకోసం చెయ్యి."

"పాట అయ్యాక?"

"ముందు తాతని నడిపించు."

ఆదివారం సాయంత్రం హాలు నిండింది. పిన్ని నా మాట నమ్మక, నాకూ దాలియాకూ మధ్య పెద్ద స్పీకరొకటి అడ్డం పెట్టించింది. లాలా అమ్మమ్మ నల్ల బూట్లు తొడుక్కుని, చేతిసంచి గుండెలకి హత్తుకుని, తలుపు దగ్గర కుర్చీ అంచున కూర్చుంది. "కాళ్లు నొప్పులు. కాసేపుండి పోతాను," అని ఎవరడక్కపోయినా అందరికీ చెప్పింది.

నేను జాలరి పాట పెట్టాను. మీట దించాను. కుడిచేతిని ప్యాంటు జేబులో బంధించి, రికార్డు మధ్యలోని కాగితం గుండ్రంగా తిరగడాన్ని కన్నార్పకుండా చూశాను. తెర వెలిగిందని జనం గుసగుసల వల్ల తెలిసింది. అమ్మమ్మ ముఖం మాత్రం నాకు ఓరకంట కనిపిస్తోంది.

మొదట ఆమె పెదవి విరిచింది. తర్వాత మెడ ముందుకి సాచింది. తాత టోపీ సర్దుకునే చోట ఆమె చెయ్యి దానంతటదే తన జుట్టు మీదికి వెళ్లింది. సంచి ఒళ్లోంచి జారి కింద పడింది.

"ఈయనే," అంది పక్కావిడతో. "చూశావా, ఈయనే. ఇలాగే నడుస్తాడు."

లేచింది. కాళ్లనొప్పులు కుర్చీలోనే వదిలేసి హాలు మధ్యకి నడిచింది. జనం పక్కకి తప్పుకున్నారు. ఒక చెయ్యి తాతకిచ్చినట్టు గాల్లోకి ఎత్తి, కళ్లు తెర మీదే ఉంచి, అడుగులో అడుగు వేసింది. తాత చుట్టు తిరిగితే తనూ తిరిగింది. నాకు ఏడుపొచ్చింది. చేతిని జేబులోంచి తీయడానికి భయపడి, ముక్కు భుజానికి తుడుచుకున్నాను.

మా డాన్సుల్లో ఒక ఆచారం ఉంది. ఎవరికైనా పలకరింపు చెప్పాలంటే, ఫోనులో పెద్ద అక్షరాలతో రాసి నా ముందు ఎత్తి పట్టుకుంటారు. పాట నడుస్తుండగానే నేను మైకులో చదవాలి. ఏం రాసి ఉన్నా, ముందు చూసుకోకుండా, ఉన్నది ఉన్నట్టు. ఎత్తిన ఫోను చదవకుండా దించనివ్వడం మా వృత్తిలో పరువు తక్కువ.

ఆ రోజూ జాలరి పాట మధ్యలోనే ఫోనులు లేచాయి. ఒక్కొక్కటే చదువుతూ పోయాను. "పై వీధి మేస్త్రీలకి శుభాకాంక్షలు. లాలా అమ్మమ్మకి నూరేళ్లు. కసాయి కొట్టు ఎదురింటి అక్కకి, ఆమె ఎవరో ఆమెకే తెలుసు." జనం కేకలు వేశారు. ఇంతలో లాలా అమ్మమ్మే ఆడుతూ ఆడుతూ నా బల్ల దాకా వచ్చి, మనవరాలి ఫోను ఎత్తి పట్టుకుంది.

గొంతు సవరించుకుని చదివాను.

"రికార్డులు వేస్తున్న ఒమేరోకి, తెర దగ్గరున్న దాలియా నుంచి. పాట అయ్యేదాకా ఆగడం నా వల్ల కావట్లేదు. ఇక చూడొచ్చు."

చివరి మాట నా నోట్లోంచి హాలంతా మోగాక గానీ నాకు అర్థం కాలేదు. తలెత్తాను. పిన్ని పెట్టించిన స్పీకరు పక్కకి జరిపి ఉంది. దాలియా తెర వెలుగులో నిలబడి, రెండు చేతులతో చెంపలు కప్పుకుని నవ్వుతోంది.

జేబులోని చెయ్యి ఎప్పుడు బయటపడిందో నాకు తెలియదు. అకార్డియన్ దూడని పిలిచే ఆవులా మూలిగి, సాగి, సాగి, ఆగిపోయింది. తెర మీద తాత కూడా ఆగిపోయాడు. ఒక కాలు పైకెత్తి, మెడ తిప్పి, ఆయనా మా ఇద్దరినే చూస్తున్నాడు. హాలంతా గొల్లుమంది.

"నాకూ నువ్వంటే..." అన్నాను మైకులో. మిగతాది మింగకుండా అనేశాను. "నిన్ను ప్రేమిస్తున్నాను దాలియా. ఆ వానలో తాత గెంతినప్పటి నుంచీ."

"నేనూ," అంది ఆమె. ఆమె దగ్గర మైకు లేదు. అయినా అందరికీ వినిపించింది.

లాలా అమ్మమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నా బల్ల మీదికి వంగింది.

"అబ్బాయ్," అంది. "మా ఆయన కాలు గాల్లో ఉంది. ముందు దాన్ని దించు. నా మనవరాలి మొహం నువ్వు జన్మంతా చూసుకోవచ్చు, నేను అడ్డు రాను."

వేలు తీశాను. కళ్లు మాత్రం తీయలేదు. ఫెర్మీన్ తాత కాలు దించాడు, సరిగ్గా డప్పు మీద.