పంజాగుట్టలో పోయిన బ్యాకప్

"హెల్మెట్ పెట్టుకున్న అక్కా. బకిల్ సుత ఏసిన. ఇగ ఫోన్ పెట్టెయ్యి జర."

ఏజెంట్ ప్రవీణ్ ఆఖరి మాటలు అవే. పంజాగుట్ట ఫ్లైఓవర్ దిగుతుంటే వెనక నుంచి ఒక టిప్పర్ లారీ అతని బైకును గుద్దేసింది. జనం మూగేలోగా, పక్కన ఆగిన కారులోంచి ఒకడు దిగి ప్రవీణ్ వీపు మీది బ్యాగును కత్తితో కోసి పట్టుకుపోయాడు. అదే వేళకు ఎర్రమంజిల్‌లో బోర్డు లేని ఒక మేడలో సర్వర్ రూమ్ భగ్గుమంది.

ప్రవీణ్ అక్క రుద్రమ్మ కూడా ఏజెంటే. తల్లి పోయాక తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచింది. వాడు గడప దాటిన ప్రతిసారీ ఇలాంటి చావే ఊహించుకుని వణికిపోయేది. అన్నేళ్ళు వణికినా, అది నిజంగా వచ్చిన రోజున ఆ భయం ఏ మాత్రం పనికిరాలేదు.

దినం అయిన మర్నాడే ఆమె చీఫ్ జోగారావు ముందు కూర్చుంది.

"మీరు సెలవులో ఉండండి రుద్రమ్మగారూ. ఈ మిషన్ ఇంకొకరికి ఇస్తాను."

"సెలవు తీస్కొని గోడలు చూస్కుంట కూసోవాల్నా సర్? పని చెప్పున్రి."

జోగారావు నిట్టూర్చాడు. "పరాయి దేశాల్లో మారుపేర్లతో ఉన్న మన ఏజెంట్లందరి అసలు వివరాలూ ఆ డేటాబేస్‌లోనే ఉన్నాయి. సర్వర్ బూడిదైంది. మిగిలిన ఒకే ఒక్క బ్యాకప్ డిస్క్ ప్రవీణ్ బ్యాగులో ఉంది. శత్రువు దాన్ని తెరిస్తే మన పిల్లలందరికీ ఉరే. మనకు దొరక్కపోతే, వాళ్ళు రేపు సరిహద్దు దాకా వచ్చినా మావాళ్ళేనని చెప్పే దిక్కు ఉండదు."

"తెరిచిన్రా?"

"ఇంకా లేదు. లారీ చక్రం బ్యాగు మీంచి కూడా పోయింది. డిస్క్ చితికింది, డేటా ముక్కలైంది. రికవరీ షాపులన్నిటి మీదా మన నిఘా ఉందని వాళ్ళకు తెలుసు. వాళ్ళకు ఆ సంగతి చెప్పింది ఈవిడే."

టేబుల్ మీద ఫోటో పడింది. పట్టుచీర, ఎర్రటి లిప్‌స్టిక్, కెమెరాను కూడా మోసం చేసే నవ్వు. రాగసుధ. నిన్నటి దాకా డిపార్ట్‌మెంట్ మనిషి. డబుల్ ఏజెంట్.

రుద్రమ్మ ఫోటోను బోర్లించింది. "నా చేతి అన్నం తిన్నది సర్. ప్రవీణ్‌కు రాఖీ కట్టింది."

"ప్రాణాలతో కావాలి."

"ప్రాణం తీస్తనని నేనన్లేదు."

కోడ్ వర్డ్ ఖాయం చేసుకున్నారు. డేటా చేతికొస్తే 'పాలు పొంగినయ్'. ఆ మాట వినేదాకా ఎవరూ పైకి రాకూడదు. తొందరపడితే రాగసుధ డిస్క్‌ను నాశనం చేస్తుంది.

షాపులు కాకపోతే ఇక మిగిలింది కంప్యూటర్ కోచింగ్ సెంటర్లేనని రుద్రమ్మ అమీర్‌పేట సందులన్నీ గాలించింది. మెట్రో మెట్ల దగ్గర ఎవరో చేతిలో కుక్కిన పాంఫ్లెట్ చూసి నిలబడిపోయింది. 'డేటాబేస్ రికవరీ. రియల్ టైమ్ ప్రాజెక్ట్. పూర్తిగా ఉచితం.' అమీర్‌పేటలో డెమో క్లాసు ఎవరైనా ఉచితంగానే చెప్తారు. ప్రాజెక్ట్ ఉచితంగా ఇచ్చిన మహానుభావుడు మాత్రం ఇంతవరకూ పుట్టలేదు.

మైత్రీవనం వెనక, మూడో అంతస్తు. నెరిసిన విగ్గు, సోడాబుడ్డి కళ్ళద్దాలు, ముఖానికి మాస్క్, చేతిలో టిఫిన్ క్యారియర్. తలుపు దగ్గర రుద్రమ్మ వంగి వంగి నమస్కారం పెట్టింది.

"మా బాబుకి జ్వరమండీ. నాక్కూడా అంటుకున్నట్టుంది. వాడి బదులు నోట్స్ రాసుకెళ్తానండీ."

"పర్లేదు ఆంటీ, కూర్చోండి," అంది రాగసుధ, తలైనా తిప్పకుండా.

గదినిండా ఉద్యోగాల వేటలో ఉన్న ఫ్రెషర్లు. ఎవరి కంప్యూటర్‌లో వాళ్ళు తలొక ముక్కా బాగు చేస్తున్నారు. అది తమ ప్రాక్టీసు అనుకుంటున్నారు పాపం. ఎవరి పిల్లలో ఏమో, ఇక్కడ తుపాకీ పేలితే ఎవరి తల్లికి ఏం జవాబు చెప్పాలి? రుద్రమ్మ ముందు బెంచీలో కూర్చుని నోట్‌బుక్ తెరిచింది. రాగసుధ మెడ బెత్తెడు దూరంలో ఉంది. అయినా పిసకడానికి లేదు. బాగైన ముక్కలకు అది కొత్తగా వేసిన పాస్‌వర్డ్ ఆ ఒక్కదానికే తెలుసు.

ముక్కలన్నీ ఒకచోట చేరాయి. రాగసుధ కమాండ్ టైప్ చేయడం మొదలుపెట్టింది. వెనక బెంచీలోంచి ఒక కుర్రాడి కేక వినిపించింది.

"మేడమ్, ఎన్క కనవడ్తలేదు! జర ఫాంట్ పెంచున్రి!"

నాలుగు రోజులు పాఠం చెప్పేసరికి రాగసుధకు టీచరమ్మ అలవాటు అంటుకుంది. ఆలోచించకుండా ఫాంట్ పెంచింది. ప్రొజెక్టర్ మీద, గోడంత అక్షరాల్లో, పాస్‌వర్డ్! అమీర్‌పేట ఆచారం ప్రకారం క్లాసంతా ఫోన్లెత్తి ఫోటో కొట్టేసింది.

"నో ఫోటోస్! డిలీట్ చేయండి!"

అప్పటికే రుద్రమ్మ రాసేసుకుంది. డేటాబేస్ తెరుచుకుంది. రాగసుధ మరుక్షణమే ఎగుమతి ఫైలు తయారుచేసి విదేశానికి అప్‌లోడ్ మొదలుపెట్టింది. చివరి ముక్క చేరితేనే అవతల ఫైలు తెరుచుకుంటుంది. అరవై శాతం. డెబ్బై.

రుద్రమ్మ కిటికీలోంచి తొంగిచూసి గావుకేక పెట్టింది. "అయ్యో, కింద వాక్-ఇన్ ఇంటర్వ్యూ అంటండీ! ఫ్రెషర్లనే తీసుకుంటారంట!"

రెప్పపాటులో గది ఖాళీ. చెప్పులు కూడా వదిలేసి మెట్ల మీద పరుగు.

రాగసుధకు అనుమానం తగిలి హ్యాండ్‌బ్యాగులో చెయ్యి పెట్టింది. రుద్రమ్మ క్యారియర్ అడుగు గిన్నె మూత తిప్పింది. అందులో ఉన్న, సిగ్నళ్ళు ఆపే జామర్ కూనిరాగం తీసింది. తొంభై తొమ్మిది శాతం దగ్గర అప్‌లోడ్ ఆగిపోయింది. పిస్టల్ పైకి లేచేలోపే పైగిన్నెలోని మిరియాల చారు రాగసుధ ముఖాన పడింది. పిస్టల్ ఎగిరి రుద్రమ్మ చేతికొచ్చింది. రుద్రమ్మ మాస్క్, విగ్గు తీసి పారేసింది.

"గుర్తువట్టినవా చెల్లె? కూసో. కదిల్తే మోకాలు ఉండది."

"అక్కా... ప్రవీణ్ సంగతి నాకు తెలియదు. ఒట్టు."

"నీ ఒట్టు నీ నోట్లనే ఉంచుకో."

రుద్రమ్మ అప్‌లోడ్ రద్దు చేసింది. పాస్‌వర్డ్ కొట్టి డేటాబేస్ మొత్తాన్ని తన డిస్క్‌లోకి ఎక్కించుకుంది. ఒక్కో పేరూ తిప్పుతూ ఒకచోట ఆగింది. రాగసుధ రికార్డు. అటువైపు నుంచి ఎవరెవర్ని మనకు పట్టించిందో, ఎప్పుడెప్పుడు, ఎంత డబ్బుకు, అన్నీ ఉన్నాయి. ఆ కొత్త యజమానులకు ఈ సంగతి తెలియదు.

ఆ ఒక్క రికార్డునే విడిగా తీసి, అదే విదేశీ అడ్రసుకు జత చేసింది. జామర్ మీదికి చెయ్యి పోనిచ్చింది.

రాగసుధ ముఖంలో రంగు దిగిపోయింది. "వద్దక్కా! నీ కాళ్ళు మొక్కుతాను. వాళ్ళు ఎక్కడున్నా వెతికి చంపుతారు!"

"చంపుతరు. ఆల్ల దగ్గర లారీలు మస్తుగున్నయ్."

జామర్ ఆగింది. రికార్డు వెళ్ళింది. జామర్ మళ్ళీ మోగింది. ఇన్నేళ్ళూ ఒంటరిగా మోసిన భయాన్ని రుద్రమ్మ మొదటిసారి ఇంకొకరి ఒళ్ళో పెట్టింది. తమ్ముడు తిరిగిరాడు. అయినా గుండెలో మంట కొంచెం చల్లారింది. అందుకు ఆమె సిగ్గుపడలేదు.

కిటికీలోంచి కిందికి కేకేసింది. "పాలు పొంగినయ్ సర్."

కింద మాటువేసిన మనుషులు వచ్చి రాగసుధను జీపులోకి తీసుకెళ్ళారు. వెనకే జోగారావు ఆయాసపడుతూ మూడంతస్తులూ ఎక్కి వచ్చాడు. డిస్క్ అందుకుని కళ్ళకద్దుకున్నాడు. పక్కనే స్క్రీన్ మీది ఔట్‌బాక్స్‌లో ఏం వెళ్ళిందో చూశాడు. స్క్రీన్ ఆర్పేశాడు.

తర్వాత అన్నాడు, "జీపు దగ్గర కాపలా ఎవరున్నారు రుద్రమ్మగారూ? ఆవిడ పారిపోతుందేమో."

"ఫికర్ జెయ్యకున్రి సర్," అంది రుద్రమ్మ, ఖాళీ గిన్నెలు సర్దుకుంటూ కిటికీలోంచి కిందికి చూసి. "లోపలి నుంచి లాక్ ఏస్కొని కూసున్నది. మనోళ్ళు తియ్యమన్నా తీస్తలేదు."