ఐదు చేతుల జంతువు

శనివారం వచ్చిందంటే బడి ఎగ్గొట్టే పిల్లవాడు ఆ కాలంలో కనిపించేవాడు కాదు. శనివారం కంటిపెట్టె తెరిచే రోజు. కిటికీలకు నల్లగుడ్డలు కట్టి, పిల్లలను నేలమీద కూర్చోబెట్టి, పంతులమ్మ ఒక రాతిముక్కను పెట్టెలో పెట్టేది. గోడమీద నీలం వెలుగు పరుచుకునేది. నీళ్లకింద పడుకుని పైకి చూస్తున్నట్టు ఆ వెలుగు కదిలేది, వణికేది. పిల్లలు ఊపిరి బిగబట్టేవాళ్లు. అంతలో పైనుంచి అది దిగేది. నల్లగా, ఐదు చేతులు చాచుకుని, గోడంతా కమ్ముకునేది. తర్వాత చీకటి. పిల్లలు ఒక్క కేక పెట్టి చప్పట్లు కొట్టేవాళ్లు. బయటికి తీసిన రాతికి కన్ను ఉండేది కాదు, ఆ చోటునుంచి సుద్దపొడి రాలేది. కన్ను మూసింది అనేవాళ్లు.

ఆ రాతిముక్క ట్రైలోబైట్ శిలాజం. మూడుపాయల పురుగు అని పాఠ్యపుస్తకాల్లో తెలుగు చేశారు. నలభై కోట్ల ఏళ్లకు ముందెప్పుడో సముద్రం అడుగున పాకిన పురుగు. దాని గొప్పంతా కంటిలోనే ఉంది. మన కన్ను మాంసం, చచ్చిన మర్నాటికి కుళ్లుతుంది. దాని కన్ను రాయి. సున్నపురాతిలో పుట్టే కాల్సైట్ స్ఫటికంతో కట్టుకున్న కన్ను. స్ఫటికం మీద వెలుగు పడితే కంటికి ఆనని గీత పడుతుందని, కొత్త వెలుగు పాత గీతను చెరిపేస్తుందని, చిట్టచివరి గీతలు మాత్రం చెక్కు చెదరకుండా ఉండిపోతాయని డాక్టర్ భ్రమరాంబ కనిపెట్టింది. సన్నని లేజర్ సూదితో ఆ గీతలను కదిపితే స్ఫటికం పట్టి ఉంచిన వెలుగును ఒక్కసారి వదిలేస్తుంది. వదిలాక సుద్దయిపోతుంది. దానికి ఆమె శిలాదృష్టి యంత్రం అని పేరు పెట్టింది. జనం కంటిపెట్టె అన్నారు.

పిల్లలకోసమని చేసింది. చచ్చిపోయిన సముద్రాన్ని బిడ్డలు కళ్లారా చూడాలని ఆమె కోరిక. కానీ రాళ్లు తవ్వించడానికి, పెట్టెలు చేయించడానికి ఒక కంపెనీ కావలసి వచ్చింది. కంపెనీతోపాటు సేకరణదారులు వచ్చారు. సగం రాళ్లు బడులకు, సగం సేకరణదారులకు అని ఒప్పందం. డబ్బున్నవాళ్లు గృహప్రవేశాలకు చుట్టాలను పిలిచి కన్ను తెరిపించేవాళ్లు. ఎవరికో ఒకరికి ఐదుచేతుల జంతువు బదులు నాలుగుచేతులది కనిపించేది. అది అరుదు. నాలుగుచేతులది కనపడ్డ ఇంటివాళ్లు ఏడాదిపాటు నేలమీద నడిచేవాళ్లు కాదు. ఆ జంతువు ఏ జాతిది, ఏం తిని బతికేది, అన్నిటి మీదా పరిశోధనలు జరిగాయి. రబ్బరు బొమ్మలు వచ్చాయి. పరీక్షల్లో ప్రశ్నలు వచ్చాయి.

రాళ్లు మంచుకొండల్లోని స్పితి లోయనుంచి వచ్చేవి. వాటిని చీల్చి శుభ్రం చేసే చేతులు మాత్రం బేతంచెర్లలో ఉన్నాయి. తాతల నాటినుంచి, ఇళ్లలో నేలకు పరిచే పరుపుబండను రేకులు రేకులుగా చీల్చినవాళ్లు. అందుకని లారీలు అంతదూరం వచ్చేవి. భ్రమరాంబ ఉండేది హైదరాబాదు ప్రయోగశాలలో. బేతంచెర్లలో రాళ్లు చీల్చే షెడ్డు పని చూసుకునేది కంబగిరి. ఒకప్పుడు ఆమె దగ్గర చదువుకున్నవాడే, ఇప్పుడు కంపెనీ మనిషి.

స్పితిలో గని మూతబడిందని కబురొచ్చిన నెలలోనే ఆమె బేతంచెర్లకు ప్రయాణం కట్టింది. మంచి రాళ్లు సేకరణదారులకు పోయి, పెచ్చులూడినవి బడులకు వస్తున్నాయని ఆమె అనుమానం. ఇక కొత్త రాళ్లు రావు గనక బడుల వంతు తానే ఏరాలనుకుంది.

షెడ్డు అంటే గోడలు లేని షెడ్డు. ఎండకు పైన నీలం ప్లాస్టిక్ పట్టా కట్టారు. దుమ్ము లేవకుండా రాతిమీద సన్నగా నీళ్లు వదులుతూ పని చేస్తున్నారు. చీల్చిన రాళ్లు గుట్టలుగా పడి ఉన్నాయి. మద్దిలేటి అనే పనివాడు పురుగు చుట్టూ మట్టి గీకి, కడిగి, చివరగా బొటనవేలు నల్ల లక్కలో ముంచి కంటిమీద అద్దుతున్నాడు. లక్క అద్దమన్నది భ్రమరాంబే. దారిలో కన్ను గీసుకుపోకుండా మొదటి ఏడే ఆ నియమం పెట్టింది. పెట్టె మూశాక, లోపలి చీకట్లోనే, మందుతో ఆ లక్క కరిగిస్తారు.

ఎండకు తల తిరిగినట్టయి ఆమె పీటమీద కూలబడింది. మద్దిలేటి చేతులు కడుక్కుని మజ్జిగ తెచ్చాడు. గ్లాసు అందుకుని ఆమె ఒక గుక్క తాగింది. గ్లాసు తిరిగి తీసుకుందామని అతను పైనుంచి చెయ్యి చాపాడు.

ఆమె తలెత్తి చూసింది. వెనక నీలం పట్టా. పట్టామీద, బండ మీది నీళ్లలోంచి పడి ఊగుతున్న ఎండ. దానికి అడ్డంగా నల్లగా దిగుతున్న చెయ్యి. నాలుగే వేళ్లు.

"మద్దిలేటీ, చెయ్యి అట్లనే పెట్టు" అంది.

"ఏమ్మా, మజ్జిగ పులిసిందా?"

"పులవలేదు. వేలు ఏమైంది?"

"కోతచక్రం తినేసిందిలేమ్మా. చానా నాళ్లాయె. కట్టు కట్టించి, ఒకపూట సెలవిచ్చినారు మనోళ్లు."

పక్కన బండ తుడుస్తున్నవాడు, అంతకన్నా నీకు పెళ్లికొడుకు మర్యాద చేస్తారనుకుంటివా అన్నాడు. అందరూ నవ్వారు. భ్రమరాంబ నవ్వలేదు. ఇంకెంతమంది లక్క అద్దుతారని అడిగింది. ఆరేడుగురు అద్దుతారన్నారు. అందరివీ ఐదు వేళ్లే.

బతికున్న కన్నే వెలుగును పట్టుకుంటుంది, రాయయిన కన్ను పట్టుకోదు. ఇది ఆమె తన మొదటి వ్యాసంలో రాసిన మాట. అంత తేలిక మాటను పరీక్షించి చూడాలని ఆమెకూ తోచలేదు, తర్వాత వచ్చినవాళ్లకూ తోచలేదు. రాయయినా ఆ కన్ను వెలుగును పట్టడం మానలేదు. చీల్చగానే ఎండను పట్టింది. పట్టాను పట్టింది, నీళ్లను పట్టింది. ఆఖరున లక్క పూయడానికి దిగిన చేతిని పట్టి, ఆ లక్కకింద మూసుకుపోయింది. ఇన్నేళ్లూ దేశమంతా చప్పట్లు కొట్టింది బేతంచెర్ల షెడ్డుకు.

కంబగిరికి చెప్పింది. అతను ఆమెను పక్కకు పిలిచాడు. ఎవరికైనా చెప్పారా అని మాత్రం అడిగాడు. లేదంది.

"అయితే చెప్పబాకండి మేడమ్. పిల్లోళ్లు సంతోషంగా ఉండారు. కొనేటోళ్లు సంతోషంగా ఉండారు. ఏడ్చేటోడు ఎవడు చెప్పండి ఇందులో?"

"నేనున్నాను కదా" అంది ఆమె.

చీల్చని బండ ఒకే ఒకటి మిగిలి ఉంది. స్కానరు పెట్టి చూస్తే లోపల పురుగు నిండుగా ఉంది, రెండు కళ్లతో. దాన్ని వెలుగు సోకకుండా చీల్చి, వెలుగు సోకకుండా హైదరాబాదు చేర్చి, విద్యాకమిటీ ఎదుట తెరుస్తానంది. అసలు సముద్రాన్ని చూశాక వాళ్లే పాఠం మార్చుకుంటారని ఆమె ధీమా. కంబగిరి వద్దనలేదు. ఒప్పందం ప్రకారం బడుల వంతులోంచి ఒక రాయిని ఎంచుకునే హక్కు ఆమెకుంది.

గోదాము తలుపు సందుల్లో గోనెపట్టలు కుక్కారు. లోపల మద్దిలేటి, ఆమె. తన చెయ్యి తనకు కనపడని చీకటి.

"ఇన్నేండ్లు ఎండలో కొట్టినా. ఈ పొద్దు గుడ్డోని మాదిరి కొట్టమంటిరి" అన్నాడు మద్దిలేటి.

"కొట్టలేవా?"

"కొడతాలే. రాయి పలుకుతాది గదా."

టక్ టక్ మని ఉలి చప్పుడు. కాసేపటికి చప్పుడు మారింది. ఇంకాసేపటికి బండ నిట్టూర్చినట్టు విడిపోయింది. ఆమె తడిమి చూసుకుంది. వేళ్లకింద గరుకుగా కన్ను తగిలింది. నల్లగుడ్డలో నాలుగు మడతలు చుట్టి ఒళ్లో పెట్టుకుంది. హైదరాబాదు చేరేదాకా ఆ మూట ఎవరిచేతికీ ఇవ్వలేదు.

కమిటీ గదిలో గోడమీద బూడిదరంగు పరుచుకుంది. నీలం లేదు. వణుకు లేదు. మురికినీళ్లలాంటి మసక వెలుతురు. అంచున ఇంకో మూడుపాయల పురుగు వీపు కొద్దిగా కదిలి ఆగింది. పైనుంచి ఒండ్రు రాలుతోంది, పిండి జల్లించినట్టు, తొందర లేకుండా. అట్లా రాలుతూ రాలుతూ మసక ఇంకా మసకయింది. చివరికి ఏమీ లేదు.

భ్రమరాంబ కుర్చీలోంచి ముందుకు వంగింది. ఆ సముద్రాన్ని మనిషి చూడడం అదే మొదలు. వెనక ఎవరో ఆవలించారు.

"అయిపోయిందామ్మా? పెట్టె చెడినట్టుంది" అన్నాడు కమిటీ అధ్యక్షుడు.

చెడలేదని, ఇదే నిజమని, ఇన్నాళ్లూ చూసింది లక్క పూసే మనిషి చేతినని ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. అధ్యక్షుడు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన కొడుకు నాలుగుచేతుల జంతువు మీదే డాక్టరేటు తీసుకున్నాడు.

"మీరు చెప్పేది అబద్ధమనను. కానీ ఇది చూపిస్తే పిల్లలు నిద్రపోతారమ్మా. నిద్రపోయే పిల్లలకు నిజం చెప్పి ఏం లాభం?"

అందరూ తలలూపారు. బూడిదరంగు దృశ్యం విద్యావసరాలకు తగదని తీర్మానించారు. భ్రమరాంబ రాజీనామా ఇచ్చింది. తీసుకున్నారు. పెట్టె నడవడానికి ఆమె అక్కర్లేదు. పత్రికలకు చెప్పింది. వయసు మీదపడిందని రాశారు.

కంబగిరి మాత్రం ఆమె మాట నమ్మాడు. నమ్మిన మర్నాడే షెడ్డుకు పోయి, గుట్టల్లో మిగిలిన రాళ్లకు ఇకనుంచి లక్క అద్దే పని మద్దిలేటి ఒక్కడిదే అన్నాడు. నాలుగుచేతులది ఊరికే అరుదుగా ఎందుకుండాలి? మద్దిలేటి కూలి మూడింతలు చేశాడు. మిగతావాళ్లను మట్టి గీకడానికి పంపాడు. ఎందుకని అడిగినవాళ్లకు దాచకుండా చెప్పాడు. చక్రం తిన్న వేలికి ఇన్నాళ్లకు జీతమొచ్చిందని షెడ్డులో నవ్వుకున్నారు. నవ్వుతూనే తమ చేతులు చూసుకున్నారు. నాలుగుచేతులవి బజారునిండా వచ్చాయి. వచ్చేకొద్దీ సేకరణదారులకు మొహం మొత్తింది. ఇంకేదైనా ఉందా అని అడగడం మొదలుపెట్టారు. ఆ మాట షెడ్డుదాకా వచ్చింది.

వానలు వెనకబట్టాక, భ్రమరాంబ ఉండే వీధిలోని బడివాళ్లు ఆమెను ఒక శనివారం పిలిచారు. పెట్టె కనిపెట్టిన అవ్వ పక్కింట్లోనే ఉందని పిల్లలకు తెలిసిందట. పోకూడదనుకుంది. ఇద్దరు ఆడపిల్లలు వచ్చి చెయ్యి పట్టుకుంటే లేవక తప్పలేదు.

ముందువరసలో కుర్చీ వేశారు. నల్లగుడ్డలు కట్టారు. గోడమీద నీలం పరుచుకుంది, వణికింది. ఆమె పట్టాకుట్లు లెక్కపెట్టగలిగేటంత తేటగా చూస్తోంది. పైనుంచి చెయ్యి దిగింది.

మూడే వేళ్లు.

మద్దిలేటిది కాదు. సన్నని చెయ్యి, లేత మణికట్టు. రెండు వేళ్లు ఉండవలసిన చోట తెల్లగుడ్డ చుట్టి ఉంది. గుడ్డ అంచున ఏదో నానిన మరక. ఆ చెయ్యి కాస్త తడబడి, ఆగి, మళ్లీ దిగింది. చీకటయింది.

పిల్లలు లేచి మోకాళ్లమీద నిలబడ్డారు. తర్వాత చప్పట్లు గది ఎగిరిపోయేట్టు మోగాయి. పంతులమ్మ ముఖం వెలిగిపోతోంది. ఇంతవరకు ఏ బడిలోనూ కనపడని జాతి తమ బడిలో కనపడింది. ఆ తెల్లగా ఉన్నది గుడ్లసంచి అయివుండవచ్చని చెప్పింది.

చెయ్యి పట్టుకుని తీసుకొచ్చిన పిల్లల్లో చిన్నది తలెత్తి భ్రమరాంబను అడిగింది.

"అవ్వా, దానికి మూడే ఉండాయేం? మిగతా చేతులు ఏమైనాయి?"

భ్రమరాంబ ఆ పిల్ల చేతిని తన చేతిలోకి తీసుకుంది.

"ఆకలికి పోయినాయి తల్లీ" అంది.

పంతులమ్మకు ఆ మాట వినబడింది. గౌరవంగా తలవంచి, తరగతివైపు తిరిగి, చేత్తో చప్పట్లు ఆపించింది.

"విన్నారుగా. రాసుకోండి. ఈ జంతువు ఆకలేసినప్పుడు తన చేతులు తానే తింటుంది."

పిల్లలు తలలు వంచి రాసుకున్నారు.