మూడు దినాల దారి

ఓబమ్మను మట్టి చేసి రెండు పూటలే అయింది. కువైట్‌లో ఉన్న కూతురు సుంకమ్మ చేతిలో పెట్టెతో వాకిట్లో నిలబడింది! కొడుకు కుళ్ళాయప్ప ముఖంలో నెత్తురు చుక్క లేదు. చుట్టాలంతా నోరు తెరుచుకుని చూశారు.

ఆరేళ్ళు! ఎవరింట్లోనో అంట్లు తోముతూ, వాళ్ళ పిల్లల్ని మోస్తూ, ఊళ్ళో అమ్మ సుఖంగా ఉందన్న ఒక్క ధైర్యంతో బతికింది సుంకమ్మ. శుక్రవారం తెల్లవారుతుండగా అన్న ఫోన్ చేసి, "అమ్మ పోయింది. నీకు కడచూపు అందదు, రావద్దులే" అన్నప్పుడు ఆమెకు కాళ్ళ కింద నేల కదిలిపోయింది. అయినా యజమానురాలి కాళ్ళావేళ్ళా పడి ఆ పూటే విమానమెక్కింది. అమ్మ ముఖం ఒక్కసారి... ఒక్కసారి చూస్తే చాలనుకుంటూ దారి పొడవునా ఏడ్చింది.

చిన్నమ్మ అక్కమ్మ పరుగున వచ్చి కౌగిలించుకుంది.

"అయ్యో బిడ్డా! కువైట్ మూడు దినాల దారి, అంతవరకూ శవం ఆగదని మీయన్న చెప్తే నమ్మితిమి గదే! మేము విమానం యాడ చూసినాము?"

"మూడు దినాలా? బొంబాయికి నాలుగు గంటలు చిన్నమ్మా! ఆడనుంచి బెంగుళూరికి గంటన్నర. ఆపైన కొత్తచెరువు బస్సు! అన్నకు తెలీదా? బొంబాయిలో నన్ను విమానం ఎక్కించింది అన్నే. ఆయప్ప తిరిగి ఊరు చేరకముందే కువైట్ నుంచి ఫోన్ చేసినా!"

మరి ఎందుకీ అబద్ధం? అప్పుడు కనిపించింది... గొడ్ల కొట్టంలో నులకమంచం, దాని మీద అమ్మ దుప్పటి!

"అమ్మ ఈడనా పండుకుంటాండె?"

అక్కమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "నిన్న నీళ్ళు పోసేటప్పుడు చూసినా తల్లీ... వీపంతా పుండ్లు! ఎముకలే మిగిలినాయి! నువ్వు చూస్తావనే బిరబిరా పూడ్చినాడని ఇప్పుడు తెలుస్తాండాది!"

సుంకమ్మ కన్నీళ్ళు ఒక్కసారిగా ఇంకిపోయాయి. అన్నకు ఎదురుగా వచ్చి నిలబడింది.

"అందరి ముందరా చెప్పన్నా. కువైట్ నుంచి ఈడికి ఎంతసేపు పడతాది?"

"ఒక... ఒక దినం..."

"నీ నడవ నుంచి ఆ కొట్టానికి ఎంతసేపు?"

కుళ్ళాయప్ప కుప్పకూలి ఆమె కాళ్ళు పట్టుకున్నాడు. "తప్పయిపాయ సుంకమ్మా... మన్నించమ్మా!"

ఆమె కాళ్ళు వెనక్కి లాక్కుంది. ఎలా మన్నిస్తుంది? ఏ తల్లి కడుపున పుట్టిందో, ఆ తల్లి ముఖమే దక్కకుండా చేసినవాణ్ణి!

"నేను తిరిగి పోను. ఆ కొట్టంలో, ఆ మంచం మీదనే ఉంటా. తెల్లారి తలుపు తీస్తే నీకు నేనే కనపడల్ల! నన్ను చూసి దినామూ కుమలల్ల!"

అన్నంత పనీ చేసింది. వెళ్ళి అమ్మ మంచం మీద కూర్చుంది. వదిన కంచంలో అన్నం తెస్తే ముట్టలేదు.

"ఆయప్పను తెమ్మను వదినా!"

చుట్టాలందరూ చూస్తుండగా, తల్లి బతికుండగా ఏనాడూ నడవని ఆ ఇరవై అడుగులూ కంచం పట్టుకుని నడిచాడు కుళ్ళాయప్ప.