సుకుమారి పెట్టిన కాపడం

"నీ చేతులతోటే మా అన్న కాలు కాల్చినవ్ గద వదినా!"

ఆడపడుచు గ్లోరియా అలా అంటుంటే సుకుమారి తల ఎత్తలేదు. ఏమని ఎత్తుతుంది? కాల్చిన మాట నిజమే! భర్త సొలొమోను కుడి పాదం మండుటెండల్లో కూడా చల్లగా ఉంటే వాతమనుకుంది. రాళ్ల ఉప్పు పెనం మీద వేయించి, గుడ్డలో మూటకట్టి రోజూ పొద్దున్నే కాపడం పెట్టింది. "ఇంకా వేడిగ పెట్టు, నాకు జెర గూడ తెలుస్తలేదు" అన్నాడాయన. పెట్టింది. మూడో రోజుకు చిటికెన వేలు బొబ్బలెక్కింది, నెల తిరిగేసరికి నల్లబడింది...

సొలొమోను జిన్నారం దగ్గర మందుల కంపెనీలో బాయిలర్ పనివాడు. ఏడాదిగా వంద అడుగులు వేస్తే పిక్క పట్టేసేది. ఆ సంగతి చెప్పకుండా బజారులో ప్రతి దుకాణం ముందూ ఆగి ముచ్చట పెట్టేవాడు. "ఆడోళ్లకన్నా ఎక్కువ ముచ్చట్లు నీకు!" అని దెప్పేది సుకుమారి. ఆ మాట తలుచుకుని ఇప్పుడు కుమిలిపోతోంది.

సంగారెడ్డిలో డాక్టరు స్కాన్ చూసి, భార్యాభర్తల వెంట వచ్చిన గ్లోరియా ముందే దాచకుండా చెప్పాడు.

"కాలికి రక్తం తీసుకెళ్లే నాళాలు మూసుకుపోయాయి. షుగరు వల్ల స్పర్శ తగ్గి వేడి తెలియలేదు. కాపడంతో పుండైంది, రక్తం అందక మానలేదు. బెలూన్ పెట్టి నాళం తెరుస్తాం. వేలు దక్కదు, పాదం దక్కవచ్చు. బీడీలు తాగుతారా?"

"రెండేండ్ల కిందనే బంద్ చేసిన సార్" అన్నాడు సొలొమోను.

సుకుమారి అవునన్నట్టు తలూపింది. అప్పట్లో చర్చిలో నిలబడి, దేవుని దయతో బీడీలు మానేశానని ఆయన సాక్ష్యం చెబితే సంఘమంతా చప్పట్లు కొట్టింది మరి!

"మంచిది. తాగితే తెరిచిన నాళం మళ్లీ మూసుకుపోతుంది. అప్పుడు మోకాలి కింద తీసేయాల్సిందే."

"తప్పంతా నాదే సార్!" సుకుమారి భోరుమంది. "ఆయన కాలు పోతే నేను బతుకను..."

సొలొమోను తల వంచుకున్నాడు.

"బంద్ చెయ్యలే సార్. సాక్ష్యం చెప్పిన పదో దినమే మళ్ల షురూ చేసిన. బాయిలర్ వెనక, రోజుకొక కట్ట. అందరి ముంగట చెప్పిన మాట ఎట్ల వాపస్ తీసుకోవాలె? గ్లోరియా, ఇగ మీ వదినను ఏమనకు."

సుకుమారి ఏడుపు ఆగిపోయింది. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఆమె గొంతు లేచింది.

"నెల రోజుల సంది అందరు నన్ను తిడుతుంటే నువ్వు నోరు మూసుకొని కూసున్నవా? ఒక్క మాట... ఒక్క మాట చెప్పకపోతివి!"



వేలు పోయింది, పాదం నిలిచింది. రక్తం పలచబడే మాత్రలు, కొవ్వు తగ్గించే మాత్రలు, షుగరు మందులు వేళకు చేతికిచ్చేది సుకుమారి. ఇచ్చేది కానీ మాట్లాడేది కాదు! పుండు మానాక డాక్టరు నడవమన్నాడు. నొప్పి వచ్చేదాకా నడవాలి, ఆగాలి, తగ్గాక మళ్లీ నడవాలి. అలా ఆగుతూ ఆగుతూ ఒక ఆదివారం ఇద్దరూ చర్చికి చేరారు.

సాక్ష్యాల వేళ సొలొమోను లేచాడు.

"రెండేండ్ల కింద నేను ఇక్కడ చెప్పింది అబద్ధం. బీడీలు మానలే. నా కాలు పాడైంది వాటితోనే. మా సుకుమారి తెల్వక కాపడం పెట్టింది, నేను తెలిసి దాచిన. నింద ఆమె మోసింది. ఇప్పుడు మానేసి నలభై దినాలు. మళ్ల తాగబుద్ధయితుంది... నా కోసం ప్రార్థన చెయ్యుండ్రి."

ఈసారి చప్పట్లు లేవు. గ్లోరియా మాత్రం లేచి వచ్చి, చాప మీద వదిన పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది.

"తప్పయింది వదినా... నన్ను మన్నించు!"

సుకుమారి కళ్లు తుడుచుకుంది. ఇంకా నిలబడే ఉన్న భర్త వైపు చూసింది.

"అవన్ని ఇంటికాడ మాట్లాడుకుందాం. ముందుగాల మీ అన్నకు కుర్సీ ఎయ్యి, శానసేపు నిలబడ్డడు."