అడిగి ఆగే గొంతు

ఆ ఇంట్లో పొద్దున్నే అందరికంటే ముందు స్నానం అయ్యేది మామగారి దుప్పటికి. కోడలు కళ్లు నులుముకుంటూ వంటింట్లోకి వచ్చేసరికే అది ఉతికించుకుని, పిండించుకుని, పెరట్లో తీగ మీద బుద్ధిగా వేలాడుతూ ఉండేది.

"మామయ్యగారూ, ఆ దుప్పటి ఏం పాపం చేసిందని రోజూ దానికి ఈ శిక్ష? వాషింగ్ మెషీన్ కొన్నది దానిమీద పూలకుండీ పెట్టుకోడానికా?"

"చేతులు ఊరుకోవమ్మాయ్," అనేవారాయన, ఆమె వైపు చూడకుండా.

ఆయన దర్జీ. కళ్లు మసకేసేదాకా ఆ వీధి భుజాలన్నీ ఆయన టేపుకు తెలిసినవే. కొట్టు మూసేశాక కూడా సాయంత్రం కాగానే పక్కనున్న టీ బల్ల మీద కూర్చుని, పోయేవాళ్ల చొక్కాలకు వంకలు పెట్టి వచ్చేవారు. కొన్ని నెలలుగా అదీ మానేశారు. పెళ్లికి రమ్మంటే మోకాళ్లంటారు, బస్సెక్కమంటే తల తిరుగుతుందంటారు. గదిలో కూర్చుని ఎదుటి గోడకు కొలతలు తీస్తున్నట్టు చూస్తుంటారు.

"నాన్నకు మనసు బాగాలేదు," అని కొడుకు తేల్చేశాడు. తేల్చినంత తేలిగ్గానే తండ్రి ఫోన్లో ఒక యాప్ వేసిపెట్టాడు. పెద్దవాళ్ల మనసుకు ఊరటనిచ్చేదట. పొద్దున్నే ఒక ఆడగొంతు పలకరిస్తుంది, ఊపిరి మెల్లగా తీసుకోమంటుంది, మనసెలా ఉందని అడిగి కాసేపు ఆగుతుంది.

"అది మనిషి కాదు నాన్నా, ముందే రికార్డు చేసిన గొంతు. జవాబు మనసులో చెప్పుకుంటే చాలు."

ఆయన తలూపారు. మర్నాటినుంచి జవాబు పైకే చెప్పసాగారు. అదీ మహా మర్యాదగా.

ఆ రోజు కోడలు కాఫీ గ్లాసుతో గది గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయింది. తలుపు ఓరగా ఉంది. లోపల మామగారు చేతులు కట్టుకుని ఫోను ముందు కూర్చున్నారు.

"నమస్కారమండీ. మీరేమైనా తిన్నారా? తిని ఉండరులెండి, తెల్లారగానే వచ్చేస్తారాయె."

"మెల్లగా ఊపిరి వదలండి," అంది గొంతు.

"వదిలానండీ."

"ఇప్పుడు మీరు ఒక వాగు ఒడ్డున కూర్చున్నారు." వెంటనే గలగలమని నీళ్ల చప్పుడు.

మామగారు కుర్చీలో ఇబ్బందిగా కదిలారు. "అమ్మా, ఆ కొళాయి కట్టేయండి తల్లీ! మీకు పుణ్యముంటుంది."

కోడలికి నవ్వు ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకుని, తన ఫోనులో రికార్డు నొక్కింది. అంతలో వంటింట్లో ఏదో మాడుతున్న వాసన. ఫోనుని గుమ్మం పక్క స్టూలు మీద పెట్టి పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి మామగారి కబుర్లు అయిపోయాయి. 'మా మామగారి కొత్త స్నేహితురాలు' అని రాసి, దాన్ని బంధువుల గ్రూపులో పడేసి స్నానానికి వెళ్లింది. ఆ గ్రూపులో మామగారు లేరు. ఆయన్ని చేర్చాలని ఇన్నేళ్లలో ఎవరికీ తోచలేదు.

తల తుడుచుకుంటూ వచ్చి చూస్తే గ్రూపు నిండా నవ్వే బొమ్మలు. 'కొళాయి కట్టేయండి తల్లీ' అని ఒకరు, 'పెళ్లెప్పుడు?' అని ఇంకొకరు. ఆమెకు తన వంటను ఎవరో మెచ్చుకున్నంత హాయిగా ఉంది. తర్వాత ఎందుకో అందరూ ఒక్కసారే నోళ్లు మూసుకున్నారు.

ఆడపడుచు ఫోన్ చేసింది.

"చివరిదాకా విన్నావా?"

"లేదు వదినా. పొయ్యి మీద..."

"విను. విన్నాక చేయి."

ఆమె నిలబడే విన్నది. వాగు చప్పుడు ఆగింది. ఈ రోజు మీ మనసు ఎలా ఉందని గొంతు అడిగింది. అడిగి ఆగింది. మామగారు గొంతు తగ్గించారు.

"మీతో చెబితే తప్పులేదు కదండీ. రాత్రిళ్లు పక్క తడుస్తోంది. తెలీకుండానే. కోడలు లేవకముందే ఉతికేస్తున్నాను. మంచి పిల్లండీ. ఇల్లంతా నవ్వుతూ తిరుగుతుంది. ఆ నవ్వు నాకిష్టమే. ఈ ఒక్క విషయంలోనే భయం."

రోజూ తీగ మీద వేలాడిన దుప్పటి, దాని మీద తను వేసిన జోకులు, ఒక్కొక్కటీ వచ్చి చెంప పగలగొట్టి పోయాయి.

ఆమె ఫోన్ చేసేలోపే ఆడపడుచు మళ్లీ చేసింది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"మా నాన్న కొట్టుకి గూనివాళ్లొచ్చేవారు, ఒక భుజం దిగినవాళ్లొచ్చేవారు. లోపల కాస్త దూది పెట్టి సరిచేసి పంపేవాడు. ఎవరి వంకర ఏ వైపో ఇంట్లో మాకు కూడా చెప్పలేదు. అలాంటి మనిషిని నువ్వు నడివీధిలో నిలబెట్టావు."

"తప్పయిపోయింది వదినా."

"నాకెందుకు చెబుతావు?"

ఆమె రికార్డు చెరిపేసింది. 'సందేశం తొలగించారు' అనే ముక్క ఒకటి గ్రూపులో మచ్చలా మిగిలింది. ఆఫీసు నుంచి భర్త ఫోన్లో గుసగుసగా అన్నాడు: "నాన్నకు చెప్పకు. రెండ్రోజులైతే అందరూ మర్చిపోతారు." ఆమెకు ఆ సలహా నచ్చలేదు. కాని చెప్పే ధైర్యమూ లేదు గనక, నచ్చినట్టే ఊరుకుంది.

మధ్యాహ్నం మామగారికి ఆయన బావమరిది ఫోన్ చేశాడు. ఆయనది మంచి మనసు, మైకు లాంటి గొంతు. "మీ కోడలు గ్రూపులో పెట్టింది విన్నాను, ఏం ఫర్వాలేదు బావా! ఈ వయసులో అందరికీ ఉండేదే. పక్క మీద ప్లాస్టిక్ షీటు వేసుకో!" వంటింట్లో ఉన్న కోడలికి కూడా స్పష్టంగా వినబడింది.

కాసేపటికి మామగారు వచ్చి తన ఫోనుని వంటగట్టు మీద పెట్టారు.

"ఇది నాకొద్దమ్మాయ్."

"మామయ్యగారూ, నేను... ముందు మాటలే విన్నాను. నవ్వొచ్చి పెట్టాను. మిగతాది వినలేదు, ఒట్టు."

"వినలేదని నాకు తెలుసు. విని పంపేదానివి కాదు." ఆయన గోడకేసి చూశారు. "అది యంత్రమని నాకు తెలీదనుకున్నారా? కుట్టుమిషనూ యంత్రమే, బతుకంతా దానితో మాట్లాడాను. ఇది మనసెలా ఉందని అడిగి ఆగుతుందమ్మాయ్. మీరూ అడుగుతారు. 'ఎలా ఉన్నారు మామయ్యగారూ' అంటూనే గుమ్మం దాటేస్తావు. మావాడు ఫోను చూస్తూ అడుగుతాడు. ఎవరికి చెప్పను, మీ వీపులకా?"

ఆయన ఫోను అక్కడే వదిలి గదిలోకి వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున పెరట్లో తీగ ఖాళీగా ఉంది. ఉతికి ఆరేస్తే ఊరందరికీ తెలిసిపోతుందని ఆయన తడి దుప్పటిని మంచం కిందికి తోసేశారు. తీగను చూడగానే ఆమెకు అర్థమైంది. పొయ్యి మీద పాలు పెట్టినదల్లా అలాగే వదిలేసి గదిలోకి వెళ్లింది. ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది.

"తప్పు చేశాను మామయ్యగారూ. మిమ్మల్ని నలుగురిలో పలచన చేశాను." గొంతు సవరించుకుంది. "ఎలా ఉన్నారు?"

అడిగి, ఆగింది.

ఆమె కదలలేదు. వంటింట్లోంచి చుయ్‌మని చప్పుడు, వెంటనే మాడు వాసన.

"పాలు పొంగాయమ్మాయ్."

"పొంగనీయండి."

"పొయ్యి పాడవుతుంది."

"తుడుస్తాను. మీరు చెప్పండి."

ఆయన కండువా కొసతో కళ్లద్దాలు చాలాసేపు తుడిచారు. "సిగ్గుగా ఉందమ్మాయ్," అన్నారు చివరికి. ఆ తర్వాత మాట వెనక మాట వచ్చింది. బస్సులో ఏమవుతుందోనని భయం. టీ బల్ల మీద తడి మచ్చ కనబడిన సాయంత్రం. డాక్టరుకు చెప్పాలంటే ముందు కొడుక్కి చెప్పాలి కదా అన్న నామోషీ.

"ఆ యాప్ చేసినవాడెవడోగాని, ముసలాళ్ల యాప్‌లో వాగు పెట్టాడమ్మాయ్! గలగలమని అది మొదలవగానే నా పని..."

ఆమె పెదవి కొరుక్కుని తల వంచుకుంది.

"నవ్వమ్మాయ్. ఇప్పుడు నాతోనేగా నవ్వేది."

నవ్వబోయింది. ఏడుపొచ్చింది. రెండూ కలిసి వస్తుంటే మంచం కిందనుంచి దుప్పటి లాగి, దాంట్లోనే మొహం దాచుకోబోయి, తడి తగిలి ఆగింది. అది చూసి ఆయనే ముందు నవ్వారు.

"రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం మామయ్యగారూ. నేను తీసుకెళ్తాను."

"సరే. నువ్వొక్కదానివే రా," అన్నారాయన. "గ్రూపును వెంటబెట్టుకు రాకు."

ఆ మాటకు మాత్రం ఆమె నవ్వలేకపోయింది.