చివరి కొళాయి

ఈ వీధిలో ఇల్లు తీసుకున్నారంటే ఈపాటికి మీ చెవిన పడే ఉంటుంది... రాత్రి ఎనిమిది వేళ పంపు గది వైపు వెళ్ళకండి, అక్కడ దెయ్యం ఉంది అని. మలుపులో ఆకుపచ్చ తలుపు, వెనక సంపు, పక్కన ఎన్నడూ వెలగని లైటు స్తంభం. అదే పంపు గది.

కూర్చోండి, టీ పోస్తాను. ఎవరో చెప్పే ముక్కా చెక్కా వినేకంటే అసలు సంగతి నా నోటే వినండి. పద్దెనిమిదేళ్ళుగా ఇక్కడే టీ కొట్టు నడుపుతున్నాను. ఈ వీధిలో ఎవరు తుమ్మినా ముందు నాకే తెలుస్తుంది.

పంపు గదిలో పనిచేసే ఆయన్ని అందరం నీళ్ళాయన అనేవాళ్ళం. పొద్దున ఐదింటికి, రాత్రి ఎనిమిదింటికి నీళ్ళు వదిలేవాడు. వదిలేముందు చేతిలో పానాతో పెద్ద పైపు మీద మూడు దెబ్బలు వేసేవాడు. ఠంగ్... ఠంగ్... ఠంగ్. ఇనప పైపు కదా, ఆ చప్పుడు వీధి పొడుగునా పాకి ప్రతి వంటింటి కొళాయిలోనూ మోగేది. బిందెలు పెట్టుకోండమ్మా అని దానర్థం. ఎవరూ కొట్టమన్లేదు. ముప్పై ఏళ్ళు కొట్టాడు.

ఒకరోజు పొద్దున మోగలేదు.

వెళ్ళి చూస్తే సంపులో తేలుతున్నాడు.

కాలు జారి పడ్డాడని పోలీసులు రాసుకున్నారు. తర్వాత ఆస్పత్రి నుంచి కాగితం వచ్చింది, తల పగిలాకే నీళ్ళలో పడ్డాడని. అంతే, వీధి గుప్పుమంది. ఎందుకంటే మా స్టేషన్ ఎస్సై పెద్ద లైనులోంచి దొంగ కనెక్షన్ లాగి, బావమరిది కడుతున్న మేడకి నీళ్ళు మళ్ళించుకున్నాడు. నీళ్ళాయన దాన్ని కోసిపారేసి పై ఆఫీసుకి కాగితం పెట్టాడు. ఇది అందరికీ తెలుసు. ఎస్సై మాత్రం ఆ రాత్రి ఇల్లు కదల్లేదు, పడుకున్నాను అన్నాడు. అతని క్వార్టర్స్ ఈ వీధి చివరే.

ఇక నా కొట్టు దగ్గర చూడాలి ఆ సంబరం. ఒకడు ఎస్సై అంటాడు, ఇంకొకడు కాదు బావమరిది అంటాడు. సైకిల్ షాపాయనైతే చంపింది నలుగురని చెప్పి, ఎవరు ఎక్కడ నిలబడ్డారో బల్ల మీద నా టీ గ్లాసులు పేర్చి మరీ చూపించేవాడు. నీళ్ళాయన భార్యకి ముందే తెలుసు, అందుకే ఏడవలేదు అన్న మహానుభావులు కూడా ఉన్నారు. వాళ్ళ నోళ్ళు పడిపోను.

నేనేం తక్కువ తినలేదు లెండి. ఆ రాత్రి పదకొండింటికి కొట్టు మూస్తుంటే ఎస్సై మోటారు సైకిలు లైటు ఆర్పేసి పంపు గది ముందు ఆగి ఉండటం ఈ కళ్ళతో చూశాను. ఆ మాట టీ తాగడానికి వచ్చిన నలభై మందికి నలభై రకాలుగా చెప్పాను.

పైనుంచి ఒక ఆఫీసర్ని వేశారు. ఆయన బళ్ళో ఒక గది తీసుకుని, చూసినవాళ్ళు వచ్చి చెప్పండి అని వారం రోజులు కూర్చున్నాడు. ఒక్క పురుగు పోలేదు. పిలిపించి అడిగితే, మాకేం తెలీదండీ. నీళ్ళాయన పోయాక వీధి వీధంతా నీళ్ళు నమిలింది. నన్నూ అడిగాడు. నేనూ నమిలాను. వచ్చే శుక్రవారంలోగా ఎవరూ నోరు విప్పకపోతే కాలు జారిందనే రాసి ఫైలు మూసేస్తానన్నాడు.

అదిగో, ఆ వారంలోనే మొదలైంది.

కొత్తగా వేసిన మనిషి పొద్దున ఒక్క పూటే వచ్చి నీళ్ళు వదిలి, గదికి తాళం వేసుకుని పోయేవాడు. పైపు కొట్టడం అతనికి తెలీనే తెలీదు. అలాంటిది... ఒక రాత్రి సరిగ్గా ఎనిమిదింటికి, చుక్క నీళ్ళు రాని కొళాయిల్లో ఠంగ్... ఠంగ్... ఠంగ్.

మర్నాడు మళ్ళీ. ఆ మర్నాడూ.

మా పక్కింటావిడ కొళాయి మూతికి గుడ్డ కట్టింది. సైకిల్ షాపాయన ఇంటికి చుట్టూ తిరిగి పోవడం మొదలుపెట్టాడు. వీధి చివర ఇళ్ళవాళ్ళు దెబ్బలు మూడు కాదు ఆరు అనేవాళ్ళు. భయంలో లెక్క తప్పారనుకున్నాం. చివరికి కొట్టు దగ్గర చంపినవాడి మాటే పోయి దెయ్యం మాట పట్టుకుంది. నాకైతే ఒళ్ళు మండింది. భయం కూడా వేసింది, ఎందుకు దాచాలి.

మా మరిది తాళాలు బాగుచేస్తాడు. బుధవారం రాత్రి పని ముగించుకుని వస్తుంటే కరెంటు పోయిందట. వాడు చెప్పిందే చెబుతున్నాను. పంపు గది దగ్గరికి వచ్చేసరికి వాడి కాళ్ళు వాటంతటవే నెమ్మదించాయి. గాలి లేదు. కుక్కలు కూడా లేవు...

లోపల్నుంచి... ఠంగ్.

తలుపుకి తాళం వేలాడుతోంది. తాళం వేసిన గదిలోంచి ఠంగ్... ఠంగ్. వెనక్కి తిరిగి పరిగెత్తబోయాడట. గోడ పట్టుకోబోయి చీకట్లో తాళం పట్టుకున్నాడు. వేళ్ళకి జిడ్డు తగిలింది. వాసన చూశాడు. మిషను నూనె, కొత్తగా పోసింది. పైగా తాళం నొక్కి లేదు, ఒక కొండీకి ఊరికే తగిలించి ఉంది.

వాడి వృత్తి వాణ్ణి కాపాడింది. దెయ్యానికి తాళంచెవి ఎందుకు అనుకున్నాడట. అప్పుడు గుర్తొచ్చింది. ఆ తాళానికి రెండో చెవి వాడే చేశాడు, నిరుడు. ఇంట్లో ఒకటి ఉంచుకుంటానని నీళ్ళాయన చేయించుకున్నాడు.

తలుపు తోశాడు.

బోర్లించిన బకెట్ మీద నీళ్ళాయన భార్య కూర్చుని ఉంది. ఒళ్ళో చిన్న పానా. పెద్దది పోలీసులు పట్టుకెళ్ళారుగా.

“అక్కా... నువ్వా?” అన్నాడు వీడు.

“తలుపు దగ్గరికి వేసి రా తమ్ముడూ,” అంది ఆవిడ. “ఈ పైపుకి చివరి కొళాయి ఎవరింట్లో ఉందో తెలుసా?”

తెలియకేం. ఎస్సై వంటింట్లో.

“మా ఆయన్ని చంపి హాయిగా పడుకుంటానంటే పడుకోనివ్వను. నన్ను కూడా సంపులో తొయ్యమను. అప్పటిదాకా కొడతాను.”

మంచిదానివే అక్కా, వీధంతా జడుసుకుని చస్తోంది అన్నాడట. జడుసుకోనీ, నిజం చెప్పడానికి జడిసినవాళ్ళు దీనికీ జడుసుకోనీ అంది. తర్వాత వాడి చెయ్యి పట్టి లాగి, చెవి పైపుకి ఆనించమంది.

చల్లటి ఇనుము. ఏమీ లేదు. ఏమీ లేదు...

టింగ్.

ఎక్కడో చాలా దూరం నుంచి. టింగ్... టింగ్.

కొట్టే మనిషి పక్కనే కూర్చుని ఉంది, పానా ఆవిడ ఒళ్ళోనే ఉంది. మరి తిరిగి కొట్టింది ఎవరు?

మొదటి రాత్రి తనూ ఆయనే అనుకుందట. పైపుని కౌగిలించుకుని, ఏమయ్యా, ఎక్కడున్నావయ్యా అని తెల్లారేదాకా పిలిచిందట. నీళ్ళాయన పోయిన రోజు కూడా ఏడవని మనిషి ఆ రాత్రి ఏడ్చిన ఏడుపు అంతా ఇంతా కాదు. మూడో రాత్రికి తెలిసింది.

“అది పానా కాదు తమ్ముడూ, గరిటె. ముప్పై ఏళ్ళు ఈ చప్పుడు విని బతికినదాన్ని, ఇనుముకీ స్టీలుకీ తేడా తెలీదా? ఏ వంటింట్లోంచో ఎవరో నాతో మాట్లాడుతున్నారు. ఎవరో కనుక్కో. శుక్రవారానికి రెండు రోజులే ఉంది.”

మరిది రొప్పుకుంటూ వచ్చి ఇదంతా నాకు చెప్పాడు. విన్నాక నాకు నిద్ర పట్టలేదు. భయంతో కాదు, సిగ్గుతో. ఆవిడ చీకట్లో ఒక్కతే పైపు కొడుతుంటే నేను కొట్టులో కబుర్లు కొడుతున్నాను.

గురువారం రాత్రి ఎనిమిదింటికి కొట్టు కట్టేసి, నేనూ మా మరిదీ వీధి వెంబడి నడిచాం. గోడ గోడకీ చెవి పెట్టాం. మా కోసం ఆవిడ ఆ రాత్రి ఆగి ఆగి మూడేసి సార్లు ఠంగుమనిపించింది. ప్రతి ఇంట్లోనూ టప్‌మని కిటికీలు మూసుకున్నాయి. తిరిగి కొట్టిన చప్పుడు మాత్రం ఆ ఇళ్ళల్లో ఎక్కడా లేదు. ముందుకే ఉంది... ఇంకా ముందుకి.

“వదినా, ఇక క్వార్టర్సే మిగిలింది,” అన్నాడు వీడు గుసగుసగా. “వెనక్కి పోదామా?”

పోలేదు. వెనక సందులోకి వెళ్ళాం. ముందు గదిలో టీవీ చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. వంటింట్లో దీపం లేదు. కిటికీ ఊచల్లోంచి తొంగి చూశాను.

కొళాయి దగ్గర ఎవరో నిలబడి ఉన్నారు. చెయ్యి పైకి లేచింది.

టింగ్.

ఎస్సై భార్య.

ఎవరితోనూ మాట్లాడేది కాదు, గడప దాటేది కాదు. ఆ పిల్లకి పొగరని నేనే ఎంతమందితో అన్నానో. నన్ను చూసింది. ఉలిక్కిపడలేదు. మిగిలిన రెండు దెబ్బలూ కొట్టి, గరిటె నెమ్మదిగా గట్టు మీద పెట్టి, కిటికీ దగ్గరికి వచ్చింది.

“పైపు మోగితే వినలేక ఆయన టీవీ పెంచుతారు,” అంది. “ఆ గోలలో నేను కొడతాను.”

నేను ఊచలకి దగ్గరగా జరిగాను.

“ఆ రాత్రి ఆయన ఇంట్లో లేరు. ఒంటిగంటకి తడి బట్టలతో వచ్చారు. ఉతికింది నేనే. నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.” ముందు గది వైపు ఒకసారి చూసింది. “బండి చూసింది మీరేనటగా. రేపు ఆ ఆఫీసర్ దగ్గరికి, బడికి నేను వస్తే... మీరూ వస్తారా?”

చూడండి, నా కొట్టు ఆ స్టేషన్‌కి నాలుగు అడుగుల దూరం. రేపు పొద్దున బల్లలు విరగ్గొట్టి నన్ను రోడ్డున పడేస్తే అడిగే నాథుడు లేడు. అదంతా ఒక్క క్షణంలో కళ్ళముందు తిరిగింది. కానీ ఇరవై ఏడేళ్ళ పిల్ల, వాడితో ఒకే కప్పు కింద ఉంటూ గరిటె పట్టుకుని నిలబడింది. ఇంకా నీళ్ళు నమిలితే నేను మనిషినేనా?

“నేను ముందు వెళ్తానమ్మా,” అన్నాను. “నువ్వు నా వెనక రా.”

శుక్రవారం వెళ్ళాం. నీళ్ళాయన భార్య మధ్యలో, మేమిద్దరం చెరో పక్క. మమ్మల్ని చూసి ఇంకో ఆరుగురు వచ్చారు. సైకిల్ షాపాయన కూడా వచ్చి, నేను కళ్ళతో చూసిందేమీ లేదండీ, అంతా విన్నదే అని జీవితంలో మొదటిసారి నిజం చెప్పాడు. ఫైలు మూయలేదు. ఆ రాత్రే ఎస్సైని పట్టుకెళ్ళారు.

కేసు కోర్టులో ఉంది. అతనేమో బెయిలు మీద వచ్చి మళ్ళీ అదే క్వార్టర్స్‌లో దిగాడు. ఒక్కడే. భార్య నీళ్ళాయన ఇంట్లో ఉంటోంది, ఇద్దరూ ఒకే పొయ్యి మీద వండుకుంటారు. నా కొట్టు బల్లలు ఒకసారి విరిగాయి. మీరు కూర్చున్నది కొత్త బల్లే.

ఆ చివరి కొళాయి మాత్రం ఇంకా అతని వంటింట్లోనే ఉంది.

నిన్న రాత్రి మీ ఇంట్లో విన్నది మా మరిది కొట్టింది. మొన్న సైకిల్ షాపాయన. తీర్పు వచ్చేదాకా వీధంతా వంతులు వేసుకున్నాం, రాత్రికి ఒకరు. దెయ్యం ఉందని ఎవరైనా అంటే అననివ్వండి, అదీ ఆ ఎస్సై చెవిన పడాలి.

ఎనిమిది కావస్తోంది. ఆ గ్లాసు ఇలా ఇవ్వండి. మీ కాళ్ళ దగ్గర, బల్ల కింద పానా ఉంది, కాస్త అందుకోండి.

ఇవాళ నా వంతు.